కథేంటి అంటే ఏం చెప్పను

మా అమ్మకి సినిమా అయినా, సీరియల్ అయినా, పక్కవీధిలో తప్పిపోయిన పెళ్ళిసంబంధం అయినా ఒకటే ప్రశ్న: ‘కథేంటే?’ రాత్రి భోజనాలయ్యాక నేను ల్యాప్‌టాప్ తెరిచి వీడియో గేమ్ ఆడుకుంటుంటే నా కుర్చీ వెనక నిలబడి అదే అడుగుతుంది. చెబుదామని మొదలుపెడతాను. రెండు వాక్యాలయ్యేసరికి ‘ఓస్, ఇంతేనా’ అంటుంది. నిజమే, కథగా చెబితే ఇంతే.

సంక్రాంతి నుంచి ఇప్పటికి ఐదు ఆటలు పూర్తి చేశాను, ఆరోది సగంలో ఉంది. యాభై దాటినదానికి ఇదేం సరదా అని నవ్వేవాళ్ళు నవ్వండి. పొద్దున్న నాతోపాటు నడకకి వచ్చే ఆవిడ ఎలాగూ నవ్వుతోంది. అయిపోయిన ప్రతి ఆట గురించీ ఒక పాత డైరీలో నాలుగు ముక్కలు రాసుకోవడం నాకలవాటు. మొదట్లో కథ రాసేదాన్ని. ఫలానా ఊరు, ఫలానా అమ్మాయి, ఫలానా రాక్షసుడు. రెండు నెలలయ్యాక తిరగేస్తే శుభలేఖ చూసి పెళ్ళిభోజనం ఎలా ఉందో చెప్పమన్నట్టుంది వ్యవహారం. అప్పుడు పద్ధతి మార్చాను. ఇప్పుడు రాసుకునేది ఒకటే: ఆడుతూ ఆడుతూ నా చెయ్యి ఎక్కడ ఆగింది, ఎందుకాగింది.

అసలు ఆటని పూర్తి చేయడమన్నదే నాకు కొత్త. మా మేనమామ మస్కట్ నుంచి తెచ్చిన వీడియో గేమ్ పెట్టె ఒకటి వాళ్ళింట్లో ఉండేది. క్యాసెట్ పట్టకపోతే నోటితో ఉఫ్‌మని ఊది మళ్ళీ దూర్చేవాళ్ళం. అందులో మారియో ఉండేవాడు. 1985లో నింటెండో తయారుచేసిన ఆట అది. ఎనిమిది లోకాలు, లోకానికి నాలుగేసి చొప్పున 32 దశలు. మధ్యలో ఆపి, రేపు ఆపినచోటి నుంచి అందుకుందామంటే కుదరదు. ఒక వేసవి సెలవుల్లో నేనూ బావా అన్నాలు కూడా మానేసి ఆరో లోకం దాకా వెళ్ళాం. కరెంటు పోయింది. ఆ రోజుల్లో ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు పోవడం ఒక విషయమే కాదు గానీ, ఆ రోజు మాత్రం బావ ఏడ్చాడు. ఇప్పుడు ఒప్పుకోడు. ఆ ఆట చివర ఏముందో మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలుసు అనేవాడు ఒకడుండేవాడు. వాడు చెప్పే ముగింపు రోజుకో రకంగా ఉండేది, అయినా రోజూ వినేవాళ్ళం.

ఈ ఏడాది మొదట అయిపోయింది ‘వెన్బా’. టొరంటోలోని విసై గేమ్స్ అనే చిన్న బృందం 2023లో తెచ్చింది. 1980ల చివర్లో కెనడాలో కాపురం పెట్టిన తమిళ దంపతులు, వాళ్ళకో కొడుకు. పుట్టింటి నుంచి తెచ్చుకున్న వంటల పుస్తకం చిరిగి, మరకలుపడి, సగం అక్షరాలు చెరిగిపోయి ఉంటుంది. మిగిలిన ముక్కల్ని బట్టి వంట ఎలా చేయాలో మనం పట్టుకోవాలి. గంటన్నరలో అయిపోతుంది. స్వతంత్రంగా పనిచేసే చిన్న బృందాల ఆటలకి ఇచ్చే ఐజీఎఫ్ పురస్కారాల్లో 2024లో అగ్రబహుమతి దీనికే వచ్చింది.

మొదటి వంట ఇడ్లీ. ఇడ్లీ నాకు చెప్పాలా అని ధీమాగా కూర్చున్నాను. పిండి పోశాను, రేకులు ఒకదానిమీద ఒకటి పెట్టాను, మూత పెట్టాను. కాదంది ఆట. మళ్ళీ చేశాను. మళ్ళీ కాదంది. వెనకనుంచి అమ్మ వంగి, కళ్ళద్దాలు సర్దుకుని, ‘గుంట మీద గుంట పెట్టావేంటే? కింద ఇడ్లీ ఎక్కడికి పొంగుతుంది? పై రేకు కాస్త తిప్పు’ అంది. తిప్పాను. అయిపోయింది. ‘ఈమాత్రానికి కంప్యూటరా’ అని అమ్మ పడుకోడానికి వెళ్ళిపోయింది.

నేను మాత్రం చాలాసేపు అలాగే కూర్చున్నాను. పాతికేళ్ళుగా వారానికి రెండుసార్లు ఇడ్లీ వేస్తున్నదాన్ని. మా కుక్కర్లో రేకులు ఒకే కాడకి బిగించి ఉంటాయి, కడిగేటప్పుడు కూడా విప్పను. కాబట్టి తిప్పడమన్నది ఒక పని అని నా చేతికి తెలియనే తెలియదు. అమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఇత్తడి పాత్ర, విడివిడి రేకులు. ఆవిడ చేతికి తెలుసు. పుస్తకంలో చెరిగిపోయిన వాక్యం ఏదో, అది చెరిగిపోతే ఎవరి చేతిలోంచి ఏం పోతుందో ఆట నాకు మాటల్లో చెప్పలేదు. రేకు తప్పుగా పెట్టనిచ్చింది, అంతే. ఇదే సన్నివేశాన్ని సినిమాగా తీసి ఉంటే, ఆ తల్లి తడబడుతుంటే జాలిపడి ఊరుకునేదాన్ని. ఇక్కడ తడబడ్డది నేనే.

కొడుకు పెద్దవుతున్నకొద్దీ ఇంగ్లీషులో గబగబా మాట్లాడతాడు. తల్లికి అందని మాటలు తెరమీద మసకబారిపోతాయి. చివరికొచ్చేసరికి గరిటె కొడుకు చేతికి వస్తుంది. ఈసారి అమ్మ పుస్తకంలోని తమిళమే అతనికి తడుముకుంటే గానీ అందదు. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురికి ఈ ఆట పంపాను. ‘ఆడాను అక్కా’ అని ఒక ముక్క రాసింది, ఇంకేం రాయలేదు. వాళ్ళబ్బాయికి పన్నెండేళ్ళు.

ఒక్క ఫిర్యాదు ఉంది. వంటలు ఇంకో నాలుగు ఉండాల్సింది. ఒకదాంట్లో చేయి కుదిరేలోపు ఆట ఏళ్ళు దాటించేస్తుంది. చిక్కుల్లో కూడా కొన్ని మరీ పిల్లల లెక్కల్లా ఉన్నాయి. కొంచెం ఎక్కువ ఉడకనివ్వాల్సింది.

తర్వాతిది ‘రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్’. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే నా ఉద్యోగం మీద ఎవరైనా ఆట తయారుచేస్తారని నేను కలలో కూడా అనుకోలేదు. ఇరవై రెండేళ్ళు ఇన్సూరెన్స్ ఆఫీసులో క్లెయిములు చూశాను. ఈ ఆటలో మనం ఈస్టిండియా కంపెనీ తరఫున వచ్చిన ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్. సంవత్సరం 1807. కొన్నేళ్ళ కిందట లండన్ నుంచి బయలుదేరి ఆచూకీ లేకుండా పోయిన ఓడ ఒకటి ఇంగ్లండులోని ఫాల్మౌత్ రేవుకి కొట్టుకొస్తుంది. ఓడలో బతికున్నవాళ్ళు లేరు. ఎక్కినవాళ్ళు అరవై మంది. ఒక్కొక్కరూ ఎవరు, ఏమయ్యారు, చచ్చిపోతే ఎలా చచ్చిపోయారు, ఎవరైనా చంపితే చంపిందెవరు అన్నది పుస్తకంలో నింపాలి. అంటే ఫారం నింపాలి. నేను బతుకంతా చేసిన పని.

మన చేతిలో ఒక గడియారం ఉంటుంది. శవం దగ్గర దాన్ని తెరిస్తే ముందు చీకటి, ఆ చీకట్లో ఆ మనిషి చివరి క్షణాల చప్పుళ్ళు, కేకలు. తర్వాత ఆ ప్రాణం పోయిన క్షణం శిల్పంలా బిగుసుకుపోయి మన ముందుంటుంది. దాని మధ్య తిరిగి ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరి చేతిలో ఏముందో చూసుకోవచ్చు. అంతకుమించి ఏమీ చేయలేం. పుస్తకంలో పేర్ల పట్టిక ఉంటుంది, ఒక్కో పేరు పక్కన హోదా, దేశం. ఓడలో ఉన్న చిత్రకారుడు గీసిన బొమ్మలుంటాయి. ఏ ముఖం ఏ పేరుదో మాత్రం ఎవరూ చెప్పరు. మూడు జవాబులు ఒప్పయితే ఆ మూడూ ఒకేసారి అచ్చులో స్థిరపడతాయి. ఒకటో రెండో ఒప్పయినా ఆట పెదవి విప్పదు. గుడ్డిగా కొట్టేవాణ్ణి ఆపడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి నేను చూడలేదు.

దీన్ని దాదాపు ఒంటిచేత్తో చేసినవాడు లూకస్ పోప్. 2018లో వచ్చింది. పాత మెకింటాష్ తెరల్లాగా రెండే రంగులు, చుక్కలు చుక్కలుగా. ఇదే మనిషి 2013లో ‘పేపర్స్, ప్లీజ్’ అని సరిహద్దు చెక్‌పోస్టులో కూర్చుని పాస్‌పోర్టుల మీద ముద్రలు గుద్దే గుమాస్తా ఆట చేశాడు. కాగితాలు, ముద్రలు, పట్టికలు అంటే ఈయనకి ఏదో చెప్పలేని ప్రేమ. మా సెక్షన్లో ఉండుంటే సూపరింటెండెంటు అయ్యేవాడు.

ఒక సన్నివేశంలో నావికులు వేలాడే గుడ్డ ఉయ్యాలల్లో పడుకుని ఉంటారు. ముఖాలు సరిగ్గా కనబడవు. ఒకడి కాలు మాత్రం బయటికి వచ్చి ఉంటుంది. ప్రతి ఉయ్యాలకీ ఒక అంకె తగిలించి ఉంటుంది. ఆ అంకె మీదకి వెళ్ళాను, వచ్చాను, మళ్ళీ వెళ్ళాను. మూడు రాత్రులు అదేదో అలంకారం అనుకున్నాను. నాలుగో రాత్రి పళ్ళు తోముకుంటుంటే తట్టింది: పేర్ల పట్టికలో కూడా అంకెలున్నాయి కదా! నోట్లో పేస్టుతోనే పరిగెత్తుకొచ్చి తెరిచాను. కాలికున్న మేజోళ్ళని బట్టి, బూట్లని బట్టి వేరే సన్నివేశాల్లో అదే మనిషిని పట్టుకోవచ్చని ఆ తర్వాత తెలిసింది. ఆ రాత్రి ఆరుగురు దొరికారు.

ఆఫీసులో మా ఫారాల్లో ‘మరణ కారణం’ అని ఒక గడి ఉండేది. రెండంగుళాల గడి. ‘ప్రమాదవశాత్తు’ అని ఉంటే జతచేసిన కాగితాలు చూసుకుని పక్కకి పెట్టేదాన్ని. రోజుకి ఇన్ని అని ఉంటాయి కదా. ఇక్కడ ఒక ముఖాన్ని పేరుకి జతచేయడానికి అతని చెప్పులు చూశాను, ఎవరి పక్కన కూర్చుని అన్నం తింటున్నాడో చూశాను, ఎవరు కేకేస్తే తలతిప్పాడో చూశాను. కొన్ని చావుల దగ్గర ఆట ఒకటికి మించి కారణాలు ఒప్పుకుంటుంది. అది తెలిసినా ‘ప్రమాదం’ అని రాయడానికి నా చెయ్యి తొందరపడలేదు. అన్నీ అయ్యాక కంపెనీ లెక్క తేలుస్తుంది. ఎవరి వారసులకి ఎంత ఇవ్వాలి, తిరుగుబాటు చేసినవాడి ఆస్తి మీద జరిమానా ఎంత అని. ఆ పట్టిక చదివి నవ్వాను. ఎందుకు నవ్వానో అడగొద్దు, ఆ శాఖలో పనిచేసినవాళ్ళకి తెలుస్తుంది.

ఓడలో కొందరు హిందూదేశం నావికులు కూడా ఉన్నారు. ప్రయాణం మొదట్లోనే ఇద్దరు జబ్బుపడి ఆ ఉయ్యాలల్లోనే పోతారు. కంపెనీ ఓడల మీద లాస్కర్లు అనే ఇలాంటి నావికుల్ని పనిలో పెట్టుకోవడం చరిత్రే. మా కాకినాడకి కూతవేటులో కోరంగి ఉంది, ఇప్పుడు మడ అడవులు చూడ్డానికి వెళ్తారు. 1839 నాటి తుపాను ముంచెయ్యకముందు అది ఓడలు కట్టిన రేవు. ఆ ఇద్దరి పేర్లు చూస్తే మా తీరంవాళ్ళు కారు. అయినా ఆ ఉయ్యాల దగ్గర కాసేపు నిలబడ్డాను. ఆటలో నిలబడటం అంటే మౌస్ మీంచి చెయ్యి తీసెయ్యడమే.

‘ఫ్లోరెన్స్’ ఫోన్లో ఆడాను, గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాక రాజమండ్రి వచ్చేలోపు అయిపోయింది. మెల్బోర్న్‌లో ఒక అమ్మాయి, ఒక అబ్బాయి, ప్రేమ, విడిపోవడం. అబ్బాయి పేరు క్రిష్. కొత్త పరిచయంలో మాట్లాడుకునేటప్పుడు మాటల బుడగని చాలా ముక్కలు అతికించి తయారుచేయాలి. చనువు పెరిగేకొద్దీ ముక్కలు తగ్గుతాయి. చివరికి ఒక్కటే. మాట దానంతటదే వచ్చేస్తుంది. ఇంతకన్నా చెప్పడానికి ఏమీ లేదు, బాగుంది. ఎదుటి సీటాయన పాప కూడా నాతోపాటు చూసింది.

‘అన్‌ప్యాకింగ్’ ఎనిమిదిసార్లు ఇల్లు మారే ఆట. బ్రిస్బేన్‌కి చెందిన విచ్ బీమ్ వాళ్ళు 2021లో చేశారు. 1997లో ఒక చిన్నపిల్ల గది, 2018లో సొంత ఇల్లు. మధ్యలో హాస్టళ్ళు, స్నేహితులతో అద్దె ఇళ్ళు. ప్రతిచోటా అట్టపెట్టెలు విప్పి సామాను సర్దాలి. ఆ అమ్మాయి మనకి ఎదురుపడదు. సర్దే ఆట ఎవరాడతారని మా నడక స్నేహితురాలు. నాలుగు ట్రాన్స్‌ఫర్లు చూసినదాన్ని నేను ఆడతాను. గిన్నెలు గోనెసంచిలో, దేవుడి పటాలు దుప్పట్ల మధ్య, ఊరగాయ జాడీ ఒళ్ళో పెట్టుకుని లారీ ముందు సీట్లో కూర్చున్న బతుకు.

2010లో ఆ అమ్మాయి ప్రియుడి ఇంటికి మారుతుంది. అతని సామాను అప్పటికే ఇల్లంతా ఉంది. ఈమె డిగ్రీ పట్టాకి ఫ్రేము కట్టించుకుంది. గోడ మీద పెట్టాను, కుదరలేదు. వంటింట్లో పెట్టాను, కుదరలేదు. బాత్‌రూములో కూడా ప్రయత్నించాను, సిగ్గులేకుండా. ఎక్కడ పెట్టినా ఎర్ర గీత చుట్టుకుంటుంది. చివరికి మంచం కిందకి తోస్తే ఆట ఊరుకుంది. మా పెళ్ళయ్యాక నా బీకాం పట్టా చాలాకాలం బీరువా పైన, పాత క్యాలెండర్ల చుట్టలో ఉండేది. అక్కడ పెట్టింది ఎవరో కాదు, నేనే. గోడ ఖాళీగా ఉండగానే పెట్టాను. డైరీలో ఈ ఆట కింద ‘మంచం కింద’ అని రెండే మాటలున్నాయి.

‘రాజీ’ గురించి మంచిమాట చెప్పాలని చాలా ఉంది. పుణేలోని నాడింగ్ హెడ్స్ వాళ్ళు చేశారు, 2020లో వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం వెతుక్కుంటూ వెళ్ళే అక్క కథ, దుర్గా విష్ణువూ పైనుంచి చూస్తూ మాట్లాడుకుంటూ ఉంటారు. కథ నడిపించే ఘట్టాలు తోలుబొమ్మలాటలోలాగా నీడబొమ్మలతో చూపించారు, కోటలూ కుడ్యచిత్రాలూ చూస్తూ నిలబడిపోవచ్చు. చిక్కల్లా యుద్ధాల దగ్గర. రాక్షసులు వస్తారు, కొడతాం, తలుపు తెరుచుకుంటుంది, మళ్ళీ వస్తారు. చెయ్యి ఎక్కడా ఆగదు, అలిసిపోతుంది అంతే. ముగింపు కూడా ‘సశేషం’ అని వేసినట్టుంది. మనవాళ్ళది కదా అని మార్కులు వేయబుద్ధి కాలేదు.

ఇక సగంలో ఉన్నది ‘ఔటర్ వైల్డ్స్’. ఇది పెట్టమని నా ప్రాణం తీసినవాడు మా తమ్ముడి కొడుకు. హైదరాబాదులో ఉద్యోగం. అమెరికాలో అలెక్స్ బీచమ్ అనే విద్యార్థి మాస్టర్స్ థీసిస్‌గా మొదలైన ఆట, 2019లో మోబియస్ డిజిటల్ వాళ్ళు పూర్తిగా తయారుచేసి తెచ్చారు. చిన్న సౌరకుటుంబం, చిన్న చెక్క రాకెట్టు. 22 నిమిషాలకి సూర్యుడు పేలిపోతాడు. మనం మళ్ళీ మొదట పడుకున్న చలిమంట దగ్గరే లేస్తాం. సంపాదించుకున్న కత్తి లేదు, డబ్బు లేదు, పెరిగిన బలం లేదు. కిందటిసారి తెలుసుకున్నది ఒక్కటే మిగులుతుంది. అంటే ఈ ఆటలో దాటాల్సిన అడ్డంకులన్నీ మనకి తెలియకపోవడమే. తెలిసినవాడు చెప్పేశాడా, పొడుపుకథ విప్పేసినట్టే, ఇక ఆడటానికేం మిగలదు.

మావాడు దీన్ని ఎప్పుడో పూర్తి చేశాడు. ఆదివారాలు ఫోన్ చేస్తాడు.

‘అత్తా, ఎక్కడిదాకా వచ్చావు?’

‘ఇసుక దగ్గర చస్తున్నాన్రా. రెండు గ్రహాలు జంటగా తిరుగుతాయి చూడు. ఒకదాన్లోంచి రెండోదాన్లోకి ఇసుక పోస్తూ ఉంటుంది. గుహలోకి దిగాను. ఇసుక లేచి లేచి పైకప్పుకి నొక్కి చంపేసింది. మూడుసార్లు.’

అవతల గట్టిగా ఊపిరి పీల్చుకున్న చప్పుడు. వాడికి తెలుసు, చెప్పాలని ఉంది, చెప్పకూడదు. కాసేపాగి, ‘ఇసుక ఇటు నిండుతోంది సరే. అటు ఏమవుతోందో చూశావా?’ అన్నాడు.

‘చెప్పకు!’ అని అరిచి ఫోన్ పెట్టేశాను. ఐదు నిమిషాలయ్యాక అర్థమైంది. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నాను.

ఆటల గురించి రాయడం వాడి దగ్గరే నేర్చుకోవాలనిపిస్తుంది. పత్రికల్లో ఆటల సమీక్షలు చదువుతుంటాను. గ్రాఫిక్స్‌కి ఇన్ని, సంగీతానికి ఇన్ని, కథకి ఇన్ని అని పరీక్ష పేపరు దిద్దినట్టుంటాయి. మావాడు మూడేళ్ళుగా ఈ ఆట గొప్పదని అంటున్నాడు, ఎందుకు గొప్పదో ఒక్క ముక్క చెప్పలేదు. అటు చూశావా అని ఒకే ఒక్క మాట, అదీ నా చెయ్యి ఎక్కడ ఆగిందో విన్నాక.

మొన్న ఆదివారం పొద్దున్న కుక్కర్ తెరుస్తుంటే అమ్మ వంటింట్లోకి వచ్చింది. రేకులవైపు చూసింది గానీ ఏం అనలేదు. చట్నీలో పోపు పడ్డాక అడిగింది.

‘అవునే, నీ ఆటలో ఆ అరవమ్మాయి. ఆవిడ కొడుకు మళ్ళీ ఇంటికి వచ్చాడా?’

జనవరిలో చూసింది అది. ఆ తర్వాత ఎన్ని సీరియళ్ళు మారాయో. చెబుదామని నోరు తెరిచాను. మళ్ళీ మూసుకున్నాను. స్టవ్ ఆపి, ల్యాప్‌టాప్ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద ఆవిడ ముందు పెట్టి, ఆటని మొదటినుంచి పెట్టాను.

‘నాకెందుకే ఇవన్నీ. నువ్వు చెప్పు చాలు.’

‘నేను చెబితే ఓస్ ఇంతేనా అంటావు. నువ్వే వండుకో.’

మౌస్‌ని ఆవిడ రెండు వేళ్ళతో, వేడి మూత పట్టుకున్నట్టు పట్టుకుంది. బాణం గుర్తు తెర దాటి ఎక్కడికో పోయింది. మళ్ళీ వెతికి తెచ్చాను. ఇడ్లీ రేకు మీద నిలబెట్టాను.

‘ఎక్కడ నొక్కాలి?’ అంది అమ్మ, కళ్ళద్దాలు ముక్కు మీదకి తోసుకుంటూ. ‘ఉండు, చెప్పకు.’